ర్యాంకుల జాబితాకు ఎక్కని ఊళ్లు: నల్లగొండ, మహబూబ్‌నగర్ నివాసయోగ్యతను లెక్కగట్టడం ఎలా?

కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2021 మార్చిలో సులభ జీవన సూచీని ప్రకటించింది. 111 నగరాలకు ర్యాంకులు వచ్చాయి. పది లక్షలకు పైగా జనాభా ఉన్న వాటిలో బెంగళూరు, అంతకంటే చిన్న వాటిలో సిమ్లా మొదటి స్థానంలో నిలిచాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, వరంగల్, కరీంనగర్ కనిపించాయి. నల్లగొండ లేదు, మహబూబ్‌నగర్ లేదు. వాటి బాగోగులకూ ఈ గైర్హాజరుకూ సంబంధం లేదు. స్మార్ట్ సిటీ పథకంలో ఉన్నవి, రాజధానులు, పది లక్షల జనాభా దాటినవి మాత్రమే ఆ పోటీకి అర్హమయ్యాయి. పరీక్షకే కూర్చోనివ్వని విద్యార్థికి మార్కులు ఎన్నని అడిగి లాభం లేదు.

అయినా ఆ ప్రశ్న అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగ విరమణ చేసి సొంత జిల్లాలో ఇల్లు కట్టుకోవాలనుకునేవారు, ఇంటి నుంచే పనిచేస్తూ అద్దె తగ్గించుకోవాలనుకునే ఐటీ ఉద్యోగులు, పల్లె నుంచి పిల్లల చదువు కోసం జిల్లా కేంద్రానికి మారుతున్న రైతు కుటుంబాలు. వీరికి జవాబు చెప్పడానికి తగినన్ని అంకెలు లేవా అంటే, ఉన్నాయి. జనగణన, కుటుంబ ఆరోగ్య సర్వే, కాలుష్య నియంత్రణ మండలి, భూగర్భ జల శాఖ, పాఠశాలల సమాచారం, మున్సిపాలిటీ లెక్కలు అన్నీ ప్రజలకు తెరిచే ఉన్నాయి. ఇబ్బంది మరోచోట ఉంది. వీటిలో చాలా అంకెలు ఒక శాఖ తాను చేసిన పనిని పైవారికి చూపించడానికి రాసుకున్నవి. ఎన్ని నల్లాలు బిగించాం, ఎన్ని మొక్కలు నాటాం, ఎన్ని మరుగుదొడ్లు కట్టాం అన్నవి పని లెక్కలు. ఆ నల్లాలో నీళ్లు వస్తున్నాయా, వచ్చిన నీటిని జనం తాగుతున్నారా అన్నది బతుకు లెక్క. మొదటి రకం సులువుగా దొరుకుతుంది. రెండో రకాన్ని వెతుక్కోవాలి.

వెతకడం మొదలుపెట్టగానే ఎదురయ్యే చిక్కు సరిహద్దు. 2011 జనగణన ప్రకారం నల్లగొండ పట్టణ జనాభా సుమారు 1.35 లక్షలు, మహబూబ్‌నగర్ జనాభా దాదాపు 1.9 లక్షలు. 2021లో జరగాల్సిన గణన జరగలేదు. కాబట్టి తలసరి అని ఎక్కడ రాసి ఉన్నా, హారంలో 2011 నాటి జనాభా ఉందో, ఎవరో వేసిన అంచనా ఉందో ముందు చూడాలి. జిల్లా లెక్కల పరిస్థితి ఇంకా తికమక. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. 2011లో మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత దాదాపు 55 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తంలో అట్టడుగు. ఆ అంకెను ఈనాటి మహబూబ్‌నగర్ పట్టణానికి అంటగట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. అది గద్వాల, మక్తల్, అచ్చంపేట పల్లెలన్నీ కలిసిన 40 లక్షల మంది జిల్లా అంకె. ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2017 మార్చి నాటి జిల్లాలను ప్రాతిపదికగా తీసుకుంది కాబట్టి, అందులో తెలంగాణకు 31 జిల్లాలే ఉంటాయి. మహబూబ్‌నగర్ అని అక్కడ ఉన్న చోట నారాయణపేట కూడా కలిసే ఉంది.

పాలమూరు అని కూడా పిలిచే మహబూబ్‌నగర్ విషయంలో జనగణన తేదీ కూడా పట్టించుకోవాల్సిందే. 2011 గణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు సాగింది. వానాకాలం పంట ఇంటికి చేరాక వలస వెళ్లే కుటుంబాలు ఊళ్లో లేని కాలం అది. తలుపుకు తాళం వేసి ముంబయిలోనో పుణెలోనో పనిచేస్తున్న కుటుంబం తన ఊరి లెక్కలో ఎంతవరకు చేరిందన్నది చిన్న సందేహం కాదు. ఊరి సదుపాయాల మీద అందరికంటే పెద్ద ఫిర్యాదు ఉన్నవారు వారే.

ఇక నీరు. దక్షిణ తెలంగాణలో నివాసయోగ్యత గురించి మాట్లాడేవారు నీటి దగ్గర ఎక్కువసేపు ఆగక తప్పదు.

నల్లగొండ పేరు ప్రపంచ ప్రజారోగ్య పుస్తకాల్లోకి ఎక్కింది, తాగునీటిలో మోతాదు మించితే ఎముకలను, పళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్ వల్లే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు స్థిరపడింది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సహించవచ్చు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో ఆ హద్దు దాటిన నీటిని తరాల తరబడి తాగారు. ఎముక వంగిపోయిన తర్వాత మంచి నీళ్లు వచ్చినా వంగిన ఎముక తిరిగి నిటారు కాదు.

కృష్ణా జలాలను నల్లాలోకి తెచ్చిన మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో అప్పటి నల్లగొండ జిల్లాలోని చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ చోటు ఎంపిక యాదృచ్ఛికం కాదు. రాష్ట్రంలో 2015లో 967 ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు ఉండగా 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ మిగలలేదని కేంద్రం లెక్క చూపింది. ఇది సాధారణ విజయం కాదు. సందేహపడటమే తెలివి అనుకునేవారు కూడా దీన్ని కొట్టిపారేయలేరు. కానీ ఆ సున్నా ఏమి చెబుతోందో చూడాలి. ఆవాసానికి సురక్షిత నీటి సరఫరా అందింది అని మాత్రమే అది చెబుతుంది. భూమిలో ఫ్లోరైడ్ పోయిందని కాదు. రాతిపొర నుంచి నీటిలోకి కరిగే ఫ్లోరైడ్ అక్కడే ఉంది, బోరు కూడా చాలా ఇళ్లలో ఉంది. పైపు పగిలి రెండు రోజులు సరఫరా ఆగితే ఆ ఇల్లు ఏ నీటిని వాడుతుంది? అన్నం ఏ నీటితో వండుతుంది?

ఇక్కడ ఒక సర్వే నిర్వచనం తెలుసుకుంటే చాలా అంకెల గుట్టు తెలుస్తుంది. కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘మెరుగైన తాగునీటి వనరు’ అనే గడి ఉంటుంది. నల్లాతో పాటు బోరుబావి కూడా అందులోకే వస్తుంది. బ్యాక్టీరియా దృష్టితో చేసిన ఆ వర్గీకరణకు దాని కారణాలు దానికి ఉన్నాయి, చెరువు నీటి కంటే బోరు నీరు మేలే. కానీ నల్లగొండలో అదే బోరు విషపు గొట్టం కావచ్చు. 90 శాతానికి పైగా కుటుంబాలకు మెరుగైన వనరు ఉందని ఒక జిల్లా పేరు పక్కన చూసి సంతృప్తి పడేవారు, ఆ 90లో బోర్లు ఎన్నో వేరుగా చూసుకోవాలి.

మరి బతుకు లెక్క ఎక్కడ దొరుకుతుంది? పిల్లల పళ్లలో. శాశ్వత దంతాలు చిగురులో ఏర్పడే తొలి ఏళ్లలో తాగిన నీటి చరిత్ర పంటి పింగాణీ మీద మచ్చలుగా ఉండిపోతుంది. 2008–09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) నివారణ, నియంత్రణ కార్యక్రమంలో బడిపిల్లల దంత పరీక్ష ఒక భాగం. భగీరథ నీళ్లు వచ్చాక పుట్టి, ఇప్పుడు శాశ్వత దంతాలు వస్తున్న పిల్లల్లో మచ్చలు ఏ మేరకు తగ్గాయో మండలాల వారీగా చూస్తే, పైపులైన్ నిజంగా వంటింటి దాకా వెళ్లిందో లేదో తేలిపోతుంది. ఏ శాఖ పనితీరు పట్టికా ఇవ్వలేని సాక్ష్యం అది.

రెండో సాక్ష్యం వీధి చివర ఉండే ఆర్వో ప్లాంటు. నల్లా ఉన్న ఇంటి ముందు కూడా ఇరవై లీటర్ల క్యాన్ దిగుతోందంటే, ఆ కుటుంబం నల్లా నీటిని నమ్మడం లేదు, లేదా రుచి నచ్చడం లేదు, లేదా వేళకు రావడం లేదు. మూడింటిలో ఏదైనా నివాసయోగ్యతకు సంబంధించినదే. నీళ్ల ప్లాంట్ల అనుమతుల సంఖ్యను వార్డుల వారీగా చూస్తే, నల్లాల శాతం పక్కన పెట్టి చదవాల్సిన అంకె అది.

ప్లాటు కొనబోయేవారు గమనించాల్సిన తేడా మరొకటి ఉంది. ఫ్లోరైడ్ తీవ్రత ఎక్కువగా పల్లెల కథ. నల్లగొండ పట్టణం పక్కనే పానగల్లు ఉదయ సముద్రం ఉంది. నాగార్జునసాగర్ నుంచి ఎత్తిపోసిన నీళ్లు దానిలోకి వస్తాయి. జిల్లా పేరుకు అంటుకున్న మచ్చ వల్ల పట్టణంలో బతకలేమని అనుకోవడం ఎంత పొరపాటో, పట్టణంలో నీళ్లున్నాయి కాబట్టి శివారు వెంచర్‌లోనూ ఉంటాయనుకోవడం అంత పొరపాటు. వెంచర్ వేసినవారు చూపించేది సాధారణంగా బోరే.

పరిమాణం మాటకు వస్తే, భూగర్భ మురుగు కాలువలు ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, లేని చోట 70 లీటర్లు అన్నది దేశంలో పాటించే కొలమానం. ఊరికి వచ్చే మొత్తం నీటిని జనాభాతో భాగిస్తే వచ్చే అంకె ఆ హద్దు దాటినా, చివరి వీధికి రెండు రోజులకోసారి వస్తుండవచ్చు. సగటు అందుకే మోసగిస్తుంది.

గాలి విషయంలో ఈ రెండు ఊళ్లు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద ప్రమాణాలు అందుకోని నగరాల తొలి జాబితాలో 102 పేర్లున్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండ ఉంది. మహబూబ్‌నగర్ లేదు. తొందరపడి చదివితే నల్లగొండ గాలి చెడ్డది, పాలమూరు గాలి మంచిది. నిజానికి ఆ జాబితాలోకి రావాలంటే ముందు ఆ ఊళ్లో కొలిచే యంత్రం ఉండాలి, ఏళ్ల తరబడి నమోదులు ఉండాలి. జాబితాలో లేకపోవడం గాలి శుభ్రతకు రుజువు కాదు. జాతీయ పర్యవేక్షణ పథకంలో చేతితో నమూనాలు తీసే కేంద్రం వారానికి రెండు రోజుల చొప్పున ఏడాదికి 104 రోజులు మాత్రమే కొలుస్తుంది. మిగిలిన 261 రోజుల్లో చెత్త తగలబెట్టినా, వడ్ల లారీలు దుమ్ము లేపినా ఆ పుస్తకానికి తెలియదు.

కథ అక్కడితో ఆగలేదు. 2024 సెప్టెంబరులో ప్రకటించిన స్వచ్ఛ వాయు సర్వేక్షణలో మూడు లక్షల లోపు జనాభా నగరాల విభాగంలో రాయబరేలీ తర్వాత రెండో స్థానం నల్లగొండకు దక్కింది. ప్రమాణం అందుకోని ఊళ్ల జాబితాలో ఉన్న పట్టణమే దేశంలో రెండోది ఎలా అయింది? రెండు జాబితాలు రెండు వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది గాలిలో ధూళి ఎంత అని అడిగింది. రెండోది ధూళి తగ్గించడానికి ఊరు ఏమేమి చేసింది అని అడిగింది: రోడ్ల ఊడ్పు, చెత్త తగలబెట్టడాన్ని ఆపడం, నిర్మాణ వ్యర్థాలు, వాహనాలు. చేసిన పనికి బహుమతి రావడం న్యాయమే. ఉబ్బసం ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులకు మాత్రం ర్యాంకుతో పని లేదు. గాలిలోని సన్నటి ధూళి కణాల (పీఎం 10) వార్షిక సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల జాతీయ హద్దుకు ఎంత దూరంలో ఉంది, మూడు నాలుగేళ్లుగా ఎటు కదులుతోంది అన్నదే వారికి కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 15 అని కూడా గుర్తుంటే మంచిది, మన ప్రమాణం ఎంత ఉదారమో అప్పుడు అర్థమవుతుంది.

ఆరోగ్యం లెక్కల్లో ఇంకా వింతైన ఉచ్చు ఉంది. జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుక గానీ చావు గానీ ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, మనిషి నివాసం ఎక్కడన్నది లెక్కలోకి రాదు. దేవరకొండ తండా నుంచి వచ్చిన గర్భిణి నల్లగొండ ప్రభుత్వ ఆస్పత్రిలో ప్రసవిస్తే ఆ జననం నల్లగొండ పుస్తకంలో పడుతుంది. నల్లగొండ మనిషి గుండెజబ్బుతో హైదరాబాద్ ఆస్పత్రిలో కన్నుమూస్తే ఆ మరణం హైదరాబాద్ ఖాతాలోకి పోతుంది. ఫలితంగా జిల్లా కేంద్రాలన్నీ కాగితం మీద పిల్లలు విరివిగా పుట్టి, జనం తక్కువగా చనిపోయే ఊళ్లుగా కనిపిస్తాయి. ఇంత ఆరోగ్యవంతమైన ఊరు ఎక్కడా ఉండదు! కొన్ని ఊళ్లను ఎంచి నివాసం ప్రకారం లెక్కించే నమూనా నమోదు పద్ధతి ద్వారా సరిచేసిన మరణాల రేటు రాష్ట్ర స్థాయిలోనే దొరుకుతుంది, పట్టణానికి విడిగా లేదు.

పడకల సంఖ్య కూడా ఇలాంటిదే. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి, పడకలు పెరిగాయి. ఊళ్లో ఎన్ని పడకలు అన్న ప్రశ్న కంటే, ఏ జబ్బుకు ఇప్పటికీ హైదరాబాద్ బస్సు ఎక్కాల్సి వస్తోంది అన్న ప్రశ్న పదునైనది. దీనికి జవాబు ఆరోగ్యశ్రీ లెక్కల్లో ఉంటుంది. ఆ పథకం 2007 ఏప్రిల్‌లో తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ప్రతి క్లెయిములో రోగి ఊరు, చికిత్స జరిగిన ఆస్పత్రి రెండూ ఉంటాయి. మహబూబ్‌నగర్ రోగుల్లో ఏ చికిత్సకు ఎంతమంది సొంత ఊళ్లోనే చూపించుకున్నారో ఏడాది వారీగా తీస్తే, వైద్య కళాశాల వచ్చాక పరిస్థితి మారిందో లేదో శంకుస్థాపన శిలాఫలకాలు చూడకుండానే చెప్పవచ్చు.

చదువు గురించి చెప్పాల్సింది తక్కువ. పాఠశాలల వార్షిక నివేదికలు గదులు, మరుగుదొడ్లు, కంప్యూటర్లు లెక్కపెడతాయి, పాఠం లెక్కపెట్టవు. పిల్లలు ఎంత చదవగలుగుతున్నారో ఇంటింటికీ తిరిగి చూసే అసర్ సర్వే గ్రామాలకే పరిమితం. ఉపాధి పరిస్థితి అంతకంటే పలుచన. కార్మిక శక్తి సర్వే నమూనాలో జిల్లా ప్రాతిపదిక అయింది 2025 నుంచే. ఇంటి అద్దెల మీద నమ్మదగ్గ ప్రభుత్వ లెక్క పట్టణానికి అందుబాటులో లేదు. రిజిస్ట్రేషన్ శాఖ చెప్పే గజం విలువ స్టాంపు రుసుము కోసం పెట్టినది, బజారు ధర ఏ మూలన ఉందో అందరికీ తెలిసిందే.

పచ్చదనం లెక్క మాత్రం సరదాగా ఉంటుంది. పట్టణ ప్రణాళికా మార్గదర్శకాలు మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలంటాయి. మహబూబ్‌నగర్ అంచున అప్పన్నపల్లి దగ్గర ఉన్న అర్బన్ ఎకో పార్కు విస్తీర్ణం రెండు వేల ఎకరాలకు పైనే. దాన్ని 2011 జనాభాతో భాగిస్తే తలకు 40 చదరపు మీటర్లు దాటుతుంది. యూరప్ నగరాల సరసన నిలబెట్టదగ్గ అంకె. అయితే అది ఊరి చివరి అడవి. టికెట్ కొని సెలవు రోజున పిల్లలతో వెళ్లే చోటు. సాయంత్రం కీళ్ల నొప్పులతో నడక మొదలుపెట్టే పెద్దావిడకు తన వీధికి పది నిమిషాల నడకలో పార్కు ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఉపగ్రహ పటం, వార్డు హద్దులు ఉంటే ఆ లెక్క ఒక పూటలో తీయవచ్చు, కానీ ఆ ఫలితం అంత గొప్పగా ఉండదు కాబట్టి ఎవరూ ప్రచారం చేయరు.

ఎండ సంగతి విడిగా చెప్పాలి. మైదాన ప్రాంతంలో వాతావరణ శాఖ వడగాలి ప్రకటించాలంటే ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండి, ఆ రోజు సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువ కావాలి, లేదా ఏకంగా 45కు చేరాలి. సాధారణ గరిష్ఠమే 41 ఉన్న మే రోజున 44 నమోదైతే సాంకేతికంగా అది వడగాలి కాదు. కాబట్టి వడగాలుల రోజుల సంఖ్య చూసి నల్లగొండ వేసవిని చల్లటి ఊళ్లతో పోల్చితే, అలవాటైన ఎండకు మినహాయింపు ఇచ్చినట్టే అవుతుంది. రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రతలు చూడటం మేలు. రాళ్ల గుట్టల నడుమ, కాంక్రీటు డాబా కింద నిద్ర పడుతుందా లేదా అన్నది అవే చెబుతాయి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సొసైటీ మండలాల్లో పెట్టిన స్వయంచాలక కేంద్రాల వల్ల ఈ లెక్క ఇప్పుడు మండల స్థాయిలో దొరుకుతోంది.

ఇన్ని అంకెలు చేతికి వచ్చాక వాటిని కలిపి ఒకే మార్కుగా మార్చాలనే ఆశ పుడుతుంది. సులభ జీవన సూచీ జీవన నాణ్యతకు 35, ఆర్థిక సామర్థ్యానికి 15, సుస్థిరతకు 20, పౌరుల అభిప్రాయానికి 30 శాతం చొప్పున పంచింది. ఈ పంపకాన్ని ఎవరు ఎలా మార్చినా తప్పని చెప్పే ఆధారం లేదు, ఒప్పని చెప్పే ఆధారమూ లేదు. అసలు లోపం కూడికలోనే ఉంది. కూడితే ఒకదానిలో పోయిన మార్కు మరోదానిలో తిరిగి వస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ ఉన్న వెంచర్‌కు దగ్గరలో మంచి పార్కు, నాలుగు వరుసల రోడ్డు ఉంటే సగటు మార్కు బాగానే వస్తుంది, ఎముకలకు మాత్రం ఆ సగటు అందదు. ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి సూచీ 2010లో మామూలు సగటును వదిలి గుణ మధ్యమానికి (అంకెలను కూడకుండా గుణించి తీసే సగటుకు) మారింది ఇలాంటి పరిహారాన్ని తగ్గించడానికే. చిన్న పట్టణం ఎంచుకునే కుటుంబానికి ఆ గణితం కూడా అవసరం లేదు. నీరు, అత్యవసర వైద్యం వంటి రెండు మూడింటికి గడప పెట్టి, అది దాటని చోటును ముందే తీసేయాలి. మిగిలిన వాటిలోనే రోడ్డు, రైలు, అద్దె, బడి అంటూ బేరాలాడుకోవచ్చు.

పౌరుల అభిప్రాయానికి ఇచ్చే 30 శాతం మీద కూడా ఒక మాట. ఊరు బాగాలేదని వెళ్లిపోయినవారు ఆ సర్వేకు జవాబు ఇవ్వరు. వలసలకు పేరుపడ్డ జిల్లాలో, ఉన్నవారిని మాత్రమే అడిగి తీసే సంతృప్తి ఎప్పుడూ కాస్త తీపిగానే ఉంటుంది.

వార్డు స్థాయి వివరాల కోసం సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో మున్సిపాలిటీని రెండు రిజిస్టర్లు అడిగితే చాలు: ఏ వీధికి ఏ వేళ ఎంతసేపు నీళ్లు వదిలారు, పైపులైన్ చివరి ఇంట్లో క్లోరిన్ ఎంత ఉంది. నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ట్యాంకు దగ్గర తీసిన నమూనా కాకుండా చివరి ఇంటి నమూనాలే అడగాలి. పదిహేనవ ఆర్థిక సంఘం గ్రాంటు రావాలంటే మున్సిపాలిటీలు తమ ఆడిట్ లెక్కలను ఆన్‌లైన్‌లో పెట్టాలన్న షరతు విధించారు కనుక, పైపుల మరమ్మతుకు ఎంత, కొత్త ప్రారంభోత్సవాలకు ఎంత ఖర్చవుతోందో కూడా చూడవచ్చు.

వచ్చే జనగణనకు ఆధార తేదీ 2027 మార్చి 1. అప్పుడు వచ్చే అంకెల్లో మహబూబ్‌నగర్ ఒక్కసారిగా పెద్దదిగా కనిపిస్తుంది. 2025 జనవరిలో అది కార్పొరేషన్ అయింది, పక్క గ్రామాలు కలిశాయి. పట్టణం ఇంత శాతం పెరిగింది అనే వార్తలు అప్పుడు తప్పకుండా వస్తాయి. ఆ శాతంలో కొత్తగా వచ్చి చేరిన మనుషులు ఎందరో, ఉన్నచోటే ఉండి కాగితం మీద పట్టణవాసులైన గ్రామస్థులు ఎందరో తెలియాలంటే, కలిసిన గ్రామాల 2011 జనాభాను ముందు పాత పట్టణానికి కలిపి, ఆ తర్వాతే పోల్చాలి.